ఊళ్లకు వైద్యుల్ని తయారుచేసి పంపిన రామచంద్రారెడ్డి

నెల్లూరులో పాతతరం వాళ్ల దగ్గర ప్రజా వైద్యశాల మాటెత్తితే చాలు, డాక్టర్ రామచంద్రారెడ్డి పేరే ముందొస్తుంది. విడవలూరు మండలం అలగానిపాడు ఆయన సొంతూరు, సముద్రానికి దగ్గర్లోనే ఉంటుంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యకు స్వయానా తమ్ముడు. భూములున్న ఇల్లు. అన్న 1930లో, 17 ఏళ్ల వయసులో కాలేజీ మానేసి ఉద్యమంలోకి వెళ్లిపోయారు. తమ్ముడు డాక్టరయ్యారు. కానీ ఆ చదువుతో ఆస్తులు పెంచుకునే దారి పట్టలేదు. నెల్లూరులోనే ఉండి, పేదవాడు భయపడకుండా లోపలికి రాగలిగే ఆసుపత్రి నడిపారు.

అసలు ఆయన చేసిన పెద్ద పని వేరే ఉంది. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లను ఆసుపత్రిలోనే పెట్టుకుని పని నేర్పించారు. పెద్ద డిగ్రీలు లేకపోయినా జ్వరానికి, గాయానికి, విరేచనాలకు ఏం చెయ్యాలి, ఏ రోగిని ఆలస్యం చెయ్యకుండా పట్నం పంపాలి అన్నది వాళ్లకు తెలియాలన్నది ఆలోచన. నేర్చుకున్న వాళ్లు తిరిగి ఊళ్లకెళ్లారు. జనం వాళ్లనే డాక్టర్ గారూ అని పిలుచుకున్నారు. కూలి డబ్బులు అందాక ఫీజిచ్చినా సరే అనే డాక్టర్లు వీళ్లు.

డిగ్రీ లేనివాళ్లు వైద్యం చెయ్యడమేంటని డాక్టర్ల సంఘాలు మొదట్నుంచీ అభ్యంతరం చెప్తూనే ఉన్నాయి. అందులో న్యాయం లేదనలేం. అవసరం లేకపోయినా సూది వేసేవాళ్లు, ఇష్టమొచ్చినట్టు స్టెరాయిడ్లు ఇచ్చేవాళ్లు ఆర్‌ఎంపీల్లో ఉన్నారు. కానీ దానికి మందు సరైన శిక్షణే కదా, రామచంద్రారెడ్డి చేసిందీ అదే. చాలా ఏళ్ల తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం కూడా ఆర్‌ఎంపీలకు శిక్షణ మొదలుపెట్టింది.

ఇప్పుడు తీరం ఊళ్లలో ఆ తరం అయిపోతోంది. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావట్లేదు, ఎంబీబీఎస్ చదివినవాళ్లు పల్లెకు రారు. ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 2023లో వచ్చిన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో డాక్టరు ఊరికి నెలకు 2 సార్లు వస్తారన్నారు. మంచిదే. కానీ బిడ్డకు అర్ధరాత్రి జ్వరమొస్తే ఆ తల్లి ఎవరి తలుపు తట్టాలి? రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె కోసం వచ్చే ఆడవాళ్లను చూస్తే, ఈ బాధ ఏ ఒక్క మతానిదీ కాదని తెలుస్తుంది.

ప్రజా వైద్యశాల మాత్రం ఆయన పేరుతోనే నడుస్తోంది. విడవలూరు వైపు వాళ్లు అక్కడికి రావాలంటే నెల్లూరు బస్సెక్కాలి.