ఏకాంతమునకు కావలి – కోకా సుబ్బారావు

2014వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన మా బాన్సువాడ బజారు నిర్మానుష్యముగా నుండెను. అది సమగ్ర కుటుంబ సర్వే దినము. పొట్టకూటికై పరదేశములు పట్టిన వారనేకులు ఆ ఒక్క దినమునకై ఇల్లు చేరి, అరుగులమీద కూర్చుండి, లెక్కలు వ్రాసికొను ఉద్యోగి రాకకై ఎదురుచూచిరి. కుటుంబమున ఎందరు, భూమి ఎంత, పశువులెన్ని, బ్యాంకు ఖాతా ఏది అని ఆయన అడుగగా అందరును చెప్పిరి. నేనును చెప్పితిని. ప్రజల స్థితిగతులు తెలియనిదే ప్రభుత్వము సాయమెట్లు చేయగలదు? ఐనను, కాగితము మడిచికొని ఆయన వెడలిపోయిన పిమ్మట మా ఇంటి పెద్దావిడ ఒక ప్రశ్న వేసెను. మన ఇంటి సంగతులన్నియు ఇకమీదట ఎవరి పెట్టెలో ఉండునని ఆమె అడిగెను. నాకప్పుడు సమాధానము తోచలేదు.

ఆ ప్రశ్నను అరువది సంవత్సరములకు పూర్వమే న్యాయపీఠమునుండి తరచి చూచిన తెలుగువాడొకరు కలరు. వారి పేరు కోకా సుబ్బారావు. భారత ప్రధాన న్యాయమూర్తిగా వారిని ఎరిగినవారు పెక్కుమంది. కాని నేటి సెల్‌ఫోను యుగమున మన ఏకాంతమునకు దక్కిన రాజ్యాంగ రక్షణకు బీజము వేసినవారిలో వారు ముఖ్యులని ఎరిగినవారు కొలదిమందియే.

సుబ్బారావుగారు 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి న్యాయవాది. స్వస్థలముననే కళాశాల విద్య ముగించి, మద్రాసులో న్యాయశాస్త్రము చదివిరి. మామగారైన వెంకటరమణారావు నాయుడుగారి వద్ద వృత్తి మెలకువలు నేర్చిరి. బావమరిది పి. వి. రాజమన్నారుగారు. ఆయన మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగానే గాక తెలుగు నాటకకర్తగా కూడ మన సాహిత్యలోకమునకు సుపరిచితులు. సుబ్బారావుగారు కొలదికాలము బాపట్లలో మునసబుగా పనిచేసి, తిరిగి న్యాయవాద వృత్తిని చేపట్టిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తియైరి.

ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మరుసటి సంవత్సరము, అనగా 1954లో, గుంటూరున హైకోర్టు వెలసినప్పుడు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి వారే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరింపగా హైకోర్టు హైదరాబాదునకు తరలెను. అంతవరకు హైదరాబాదు రాష్ట్రమునందున్న మా నిజామాబాదు జిల్లాయు, అందలి బాన్సువాడయు నాటినుండి వారి న్యాయస్థాన పరిధిలోనికి వచ్చినవి. 1958 జనవరి మాసాంతమున వారు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీ చేరిరి.

అచ్చట వారి ముందునకు వచ్చిన వ్యాజ్యములలో ఖరక్ సింగు వ్యాజ్యము ఒకటి. ఉత్తరప్రదేశమునకు చెందిన ఇతనిపై 1941లో దోపిడీ నేరము మోపబడెను. సాక్ష్యము లేనందున విడుదలయ్యెను. ఐనను పోలీసులు అతని పేరిట చరిత్రపత్రమొకటి తెరచి, నిఘా పెట్టిరి. ఇంటివద్ద రహస్యముగా కాపు వేయుట, రాత్రివేళల ఇంటికి వచ్చుట, అలవాట్లను గూర్చి, ఆదాయమును గూర్చి ఆరా తీయుట, ఎచ్చటికి పోయి ఎచ్చటికి వచ్చుచున్నాడో వ్రాసిపెట్టుట – ఇవన్నియు నాటి పోలీసు నిబంధనలలోనివే. నడిరేయి తలుపు తట్టి నిద్ర లేపుచుండిరని అతడు మొరపెట్టుకొనెను. నేరము రుజువు కాని మనిషి తన ఇంట తాను కన్నుమూసి నిద్రించుటకు హక్కు కలదా, లేదా? వ్యాజ్యములోని అసలు ప్రశ్న ఇదియే.

ఆరుగురు న్యాయమూర్తులు విని 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంట జొరబడుట చెల్లదని అందరును అంగీకరించిరి. తక్కిన నిఘా విషయముననే భేదము వచ్చెను. ఏకాంతము మన రాజ్యాంగమున హామీ ఈయబడిన హక్కు కాదనియు, అందుచే దూరమునుండి కనిపెట్టి చూచుటలో తప్పు లేదనియు నలుగురు తేల్చిరి. సుబ్బారావుగారు అందుకు సమ్మతింపలేదు. న్యాయమూర్తి జె. సి. షాగారు వారితో ఏకీభవించిరి.

వారి వాదసారమును సామాన్యుని భాషలో నిట్లు చెప్పవచ్చును. వ్యక్తిస్వేచ్ఛ అనగా చెరసాలలో లేకుండుట మాత్రమే కాదు. ఏకాంతమను మాట రాజ్యాంగమున విడిగా కనబడకున్నను, అది వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగము. కాళ్లకు సంకెల లేకున్నను, అడుగడుగున ఎవరో తన్ను గమనించుచున్నారని ఎరిగిన మనిషి స్వేచ్ఛగా నడువలేడు. దేశమంతయు వానికి బందీఖానాయే. దేహమును బంధించుటకన్న మనస్సును బంధించుట హెచ్చు క్రూరము కావచ్చును. మనస్సును లోబరచుకొను శాస్త్రీయ పద్ధతులు పెరిగిన కాలమున ఈ భయము మరింత వాస్తవమని కూడ వారు హెచ్చరించిరి. నాటికి మన దేశమున ఇంటింట టెలిఫోనైనను లేదు. ఐనను, నిఘా వేయు సాధనము కన్న దాని క్రింద బ్రదుకు మనిషిని వారు చూచిరి. అందుచేతనే సాధనములు మారినను ఆ మాటలు పాతబడలేదు.

1966 జూన్ 30న సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తియైరి. 1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు వారి పేరు దేశమంతట మారుమ్రోగించెను. ప్రాథమిక హక్కులను రాజ్యాంగ సవరణ ద్వారా సైతము పార్లమెంటు హరింపరాదని పదునొకండుగురిలో ఆరుగురు నిర్ణయించిరి. ఆ వ్యాజ్యము పంజాబులో ఒక భూస్వామి కుటుంబపు భూములకు సంబంధించినది. కనుక భూసంస్కరణలకు ఇది అడ్డుగోడ యగునని విమర్శకులు మండిపడిరి. దున్నువానికి భూమి కావలెనని నెత్తురొలికిన తెలంగాణమున ఆ విమర్శను తేలికగా త్రోసివేయజాలము. పూర్వపు సవరణలను మాత్రము రద్దు చేయక, తమ నిర్ణయము ఇకముందే వర్తించునని వారు చెప్పిరి. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను త్రోసిపుచ్చినను, రాజ్యాంగపు మౌలిక స్వరూపమును పార్లమెంటు మార్పరాదని నిలిపినది.

1967 ఏప్రిల్ 10న వారు మరియొక తీర్పు వ్రాసిరి. విదేశయానము వ్యక్తిస్వేచ్ఛలో భాగమనియు, చట్టము లేకుండ అధికారి తన ఇష్టానుసారము పాస్‌పోర్టు నిరాకరింపరాదనియు దాని సారము. ఆ సంవత్సరమే పాస్‌పోర్టు చట్టము వచ్చెను. నేడు గల్ఫ్ దేశములకు పోవు మా ప్రాంతపు కూలీల చేతిలోని పాస్‌పోర్టుకు వెనుక ఈ కథ కలదు.

ఆ తీర్పు చెప్పిన మరునాడే, పదవీకాలము ఇంకను మూడు మాసములుండగా, వారు రాజీనామా చేసి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచిరి. ప్రధాన న్యాయపీఠమునుండి దిగి నేరుగా రాజకీయపు బరిలో అడుగిడుట తగదని పలువురు నొచ్చుకొనిరి. ఆ నొప్పి అకారణము కాదు. మే నెలలో జరిగిన ఎన్నికలో, హైదరాబాదున పుట్టిన జాకీర్ హుస్సేనుగారి చేతిలో వారు ఓడిపోయిరి.

1976 మే నెలలో సుబ్బారావుగారు కన్నుమూసిరి. అది అత్యవసర పరిస్థితి కాలము. అంతకు కొలది దినముల ముందే, ఏప్రిల్ 28న, అక్రమముగా నిర్బంధింపబడిన వానికి సైతము ఆ కాలమున కోర్టు తలుపు తట్టు హక్కు లేదని సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల బహుమతముతో తేల్చియుండెను. ఒక్క హెచ్. ఆర్. ఖన్నాగారే కాదనిరి. తాము జీవితమంతయు కాపాడిన స్వేచ్ఛ కన్నులెదుట కూలుచుండగా సుబ్బారావుగారు వెడలిపోయిరి.

కాని అల్పసంఖ్యాకుల మాట చావలేదు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ వ్యాజ్యమునందును, 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమునందును ప్రాథమిక హక్కులు ఒకదానికొకటి సంబంధము లేని గదులు కావను వారి దృష్టియే నెగ్గెను. తుదకు ఆధార్‌ను ప్రశ్నించుచు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో తెచ్చిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా ఏకాంతము ప్రాథమిక హక్కేనని ప్రకటించిరి. ఖరక్ సింగు వ్యాజ్యమున బహుమతము పొరబడినదనియు, సుబ్బారావుగారి అభిప్రాయమే ఒప్పనియు చెప్పిరి. ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లావారైన జాస్తి చలమేశ్వర్‌గారొకరు. 1976 ఏప్రిల్ నాటి తీర్పును సైతము అదే దినమున త్రోసివేసిరి. ఐదు పదుల ఏండ్లు దాటిన పిమ్మట ఓడినవాడు గెలిచెను.

అంతటితో పని ముగిసినదా? లేదు. 2018లో సుప్రీంకోర్టు ఆధార్‌ను సమర్థించుచునే, బ్యాంకు ఖాతాలకును సెల్‌ఫోన్లకును దానిని నిర్బంధముగా ముడిపెట్టుట చెల్లదనెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చెను గాని, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు నిచ్చు అధికారము అందు మిక్కిలిగా నున్నదని విమర్శ కలదు. మన తెలంగాణముననే యంత్రము సరిపోల్చిన వివరములను నమ్మి రేషను కార్డులు లక్షలకొలది రద్దు చేయగా, 2022లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మరల విచారింపుమని రాష్ట్రమును ఆదేశింపవలసివచ్చెను. ఇంటింటి వివరములు ఒకచోట చేరినప్పుడు కొంపకు మేలెంత కలుగునో, లెక్క తప్పినప్పుడు పళ్లెములోని అన్నమునకు ముప్పంత కలుగును.

ఖరక్ సింగు తలుపు తట్టిన కావలివాని అడుగుల చప్పుడైనను వినబడెను. నేటి కావలికి చప్పుడు లేదు. అతడు మన జేబులోనే యున్నాడు. సమాచారము అడుగువానికి ఎందుకు అడుగుచున్నాడో, ఎంతకాలము దాచునో, ఎవరికిచ్చునో చెప్పవలసిన బాధ్యత కలదు. ఆ మాట నిలదీసి అడుగు హక్కు మనకు కలదు. మా ఇంటి పెద్దావిడ ప్రశ్నకు నేను నేడు చెప్పగల సమాధానమిది. ఆమె నాడు అడిగినది అమాయకపు ప్రశ్న కాదు. రాజమహేంద్రవరపు న్యాయమూర్తి న్యాయపీఠముపై కూర్చుండి అడిగినదియు అదియే.