కగావా తీర్చిదిద్దిన సేవకులు

1909 డిసెంబర్ 24, క్రిస్మస్ ముందు రోజు. జపాన్‌లోని కోబె నగరంలో షింకావా అనే మురికివాడకు ఒక వేదాంత విద్యార్థి తనకున్న కాసిని సామాన్లు బండి మీద వేసుకుని కాపురానికొచ్చాడు. పేరు తొయొహికో కగావా. వయసు 21 ఏళ్లు. అప్పటికే క్షయవ్యాధితో చావు అంచుల దాకా వెళ్లొచ్చినవాడు. మిగిలిన ఆయుష్షు ఎంతైనా అది నిరుపేదల మధ్యే గడవాలని నిశ్చయించుకున్నాడు.

కగావా 1888లో కోబెలోనే పుట్టాడు. నాలుగేళ్ల వయసులోనే తల్లీ తండ్రీ చనిపోయారు. తొకుషిమాలో బంధువుల పంచన ప్రేమకు మొహం వాచి పెరిగిన ఆ కుర్రాడికి, ఇంగ్లిషు నేర్పిన లోగన్, మయ్యర్స్ అనే అమెరికన్ మిషనరీల ద్వారా యేసుప్రభువు పరిచయమయ్యాడు. 1904లో ఆయన బాప్తిస్మం పొందాడు. సువార్త సేవకే వెళ్తానన్నందుకు బంధువులు ఆయన్ను వదులుకున్నారు.

షింకావాలోని ఇరుకు గదిలోకి ఆయన రోగులను, తాగుబోతులను, జైలు నుంచి వచ్చినవారిని చేర్చుకున్నాడు. తన అన్నం వారికి పెట్టాడు, తన పక్క వారితో పంచుకున్నాడు. అలా అంటుకున్న ట్రకోమా జబ్బు జీవితాంతం ఆయన చూపును బాధించింది. 1913లో ఆయన్ను పెళ్లాడిన హారు కూడా అదే వాడలో, అదే పరిచర్యలో పాలుపంచుకుంది.

కానీ ఒక ప్రశ్న ఆయన్ను వేధించేది. ఈరోజు కడుపు నింపిన మనిషే రేపు మళ్లీ ఆకలితో గుమ్మంలో నిలబడుతున్నాడు. ఒక కుటుంబం బాగుపడి వాడ విడిచి వెళ్తే, పని పోయిన కార్మికులో, కౌలు కట్టలేక పల్లె వదిలినవారో ఆ ఖాళీలోకి వచ్చి చేరుతున్నారు. 1914 నుంచి 1917 దాకా అమెరికాలో ఉండి ప్రిన్స్‌టన్‌లో చదువుకున్న కగావా, న్యూయార్క్ వీధుల్లో వేలాదిమంది దర్జీ కార్మికులు తమ హక్కుల కోసం కలిసి నడవడం చూశాడు. పేదలకు పెట్టే చేయి ఒకటే చాలదని, పేదలు కలిసి తమ కాళ్ల మీద నిలబడే మార్గం వేయాలని ఆయనకు అర్థమైంది.

తిరిగి వచ్చాక కార్మిక సంఘాలకు అండగా నిలిచాడు. 1921లో కోబె ఓడల కర్మాగారాల్లో జరిగిన పెద్ద సమ్మెలో హింస వద్దని కార్మికులను వారించాడు. అయినా పోలీసులు అరెస్టు చేశారు, సమ్మె ఓడిపోయింది. అదే ఏడాది మరో విత్తనం మాత్రం మొలకెత్తింది. వ్యాపారంలో ధనవంతుడైన నసు జెంజి అనే పెద్దమనిషి తన సంపదతో సమాజానికి ఏం మేలు చేయాలని సలహా అడిగితే, దానధర్మాల బదులు సహకార సంఘం పెట్టమన్నాడు కగావా. అలా నదా ప్రాంతంలో ఒకటి, కోబెలో ఒకటి, రెండు వినియోగదారుల సంఘాలు వెలిశాయి. సభ్యులు తలా కాస్త వాటా వేసుకుని నిత్యావసర సరుకులు కలిసి కొంటారు. దళారీ ఉండడు. మిగులు సభ్యులదే. వాటా ఎంతైనా మనిషికి ఒకటే ఓటు.

సంఘం పెట్టడం సులువే. దాన్ని నిజాయితీగా నడిపే మనుషులెక్కడ? 1922లో సుగియామా మొతొజిరో అనే పాస్టరుతో కలిసి రైతు సంఘం స్థాపించిన కగావాకు ఈ కొరతే ఎదురైంది. అందుకే 1927లో కోబె దగ్గరి కవరగి గ్రామంలో, తన ఇంట్లోనే ‘రైతు సువార్త పాఠశాల’ ఆరంభించాడు. పొలం పని తక్కువగా ఉండే చలికాలంలో పల్లె యువకులు కొద్దిమంది వచ్చి ఆయనతోపాటే ఉండేవారు. బైబిలుతోపాటు సేద్యం, సహకార సంఘం నడిపే పద్ధతి నేర్చుకునేవారు. కొండవాలుల్లో గింజల చెట్లు, వాటితోపాటు మేకలు, తేనెటీగలు పెంచి కొద్ది భూమి మీదే బతకడం ఎలాగో తెలుసుకునేవారు. దేవుణ్ణి, పొరుగువాణ్ణి, నేలను కలిపి ప్రేమించాలన్నదే ఆ బడి పాఠం. నేర్చుకున్నవారు తమ ఊళ్లకు వెళ్లి ఇతరులకు నేర్పాలి.

1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు కగావా వచ్చాడు. మన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కూడా ఆ సభలో ప్రముఖులు. ఆ పర్యటనలోనే, 1939లో, కగావా గాంధీజీని కలిశాడు.

ఆయన లోపం లేనివాడు కాడు. జపాన్‌లో అంటరానివారిగా చూసిన బురాకు ప్రజలను కించపరిచే మాటలు ఆయన 1915 నాటి పుస్తకంలో ఉన్నాయి. వాటిని అక్కడి క్రైస్తవులే తర్వాత తప్పుపట్టారు. చైనాపై యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1940లో అరెస్టయిన ఆయనే, యుద్ధం చివరి ఏళ్లలో తన ప్రభుత్వం పక్షాన రేడియోలో మాట్లాడాడు. ఇవి దాచదగ్గ సంగతులు కావు. ఎంతటి సేవకుడైనా తడబడతాడు. అందుకే దేవుని పని ఒక్క మనిషి భుజాల మీద ఆగిపోకూడదు.

1951లో జపాన్ వినియోగదారుల సహకార సంఘాల సమాఖ్యకు కగావా తొలి అధ్యక్షుడయ్యాడు. 1960 ఏప్రిల్ 23న టోక్యోలో ప్రభువునందు నిద్రించాడు. ఆయన పోయాక పని ఆగలేదు. నదా, కోబె సంఘాలు 1962లో ఒక్కటయ్యాయి. ఈనాడు ‘కోప్ కోబె’ పేరుతో ఉన్న ఆ సంఘంలో పది లక్షలకు మించి సభ్యులున్నారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే జనుల తగవులు తీరుస్తూ అలసిపోతున్న మోషేను చూసి, అతని మామ యిత్రో చెప్పిన ఆలోచన నిర్గమకాండం 18వ అధ్యాయంలో చదువుతాం. నమ్మకస్తులను ఎన్నుకో, వారికి నేర్పు, బాధ్యత పంచు అన్నదే దాని సారాంశం. ప్రభువు కూడా జనసమూహాలను ప్రేమిస్తూనే పన్నెండుమందిని దగ్గరుంచుకుని తర్ఫీదునిచ్చాడు.

ఏటా క్రిస్మస్‌కు మన సంఘాలు దుప్పట్లు, బియ్యం పంచుతాయి. అది మంచిదే, మానవద్దు. కానీ అదే గుమ్మంలో అదే విధవరాలు పదేళ్లుగా నిలబడుతోందంటే మనం పాదిరులం, పెద్దలం ఆలోచించాలి. పొదుపు సంఘం లెక్కలు నమ్మకంగా రాసే చెల్లెల్ని, నలుగురు రైతులను ఒకచోట కూర్చోబెట్టగల తమ్ముణ్ణి మన సంఘంలో ఎంతమందిని తయారుచేశాం? ఈ ఆదివారం ఆరాధన ముగిశాక అలాంటి ఒక్కరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుందాం.