పల్లీ నూనెతోనూ నడిచిన ఇంజిన్: రుడాల్ఫ్ డీజిల్ జీవితం

లారీ ట్యాంకులో రోజూ పోయించే డీజిల్ నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు, తండ్రిది తోలు వస్తువులు చేసే పని. 1870లో ఫ్రాన్స్‌కు, జర్మన్లకు యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపేశారు.

మ్యూనిక్‌లో ఇంజినీరింగ్ చదువుతుండగా ఒక విషయం ఆయన మనసులో నాటుకుపోయింది. ఆవిరి ఇంజిన్ బొగ్గు వేడిలో పదో వంతు కూడా పనికి వాడుకోదు, మిగతాదంతా దండగే. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది, అందులోకి ఇంధనం చిమ్మితే నిప్పురవ్వ లేకుండానే మండుతుంది. ఈ ఆలోచన మీదే ఏళ్ల తరబడి కూర్చున్నారు. పరీక్షల్లో ఒకసారి ఇంజిన్ పేలి ప్రాణం మీదికొచ్చింది. చివరికి 1897లో ఆయన ఇంజిన్ వేడిలో 26 శాతాన్ని పనిగా మార్చి చూపించింది.

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను పల్లీ నూనెతో నడిపారు. ఆ ఆలోచన డీజిల్‌దేనని చాలామంది రాస్తుంటారు, కానీ కాదు. అడిగింది ఫ్రెంచ్ ప్రభుత్వం, నడిపింది ఓటో కంపెనీ. ఆఫ్రికా వలసల్లో పల్లీ బాగా పండుతుంది మరి! అయితే తర్వాత డీజిల్ కూడా దాన్ని పట్టుకున్నారు. ముందు ముందు మొక్కల నూనెలు పెట్రోలియం అంత ముఖ్యమవుతాయని 1912లో చెప్పారు.

పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. అప్పులు, నష్టాలు, పేటెంట్ గొడవలు, అనారోగ్యం కూడా వచ్చాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లాండ్ వెళ్తూ డ్రెస్డెన్ అనే ఓడలో భోజనం చేసి గదికి వెళ్లారు. తెల్లారేసరికి మనిషి లేరు, పక్క నలగలేదు. పది రోజులకు సముద్రంలో దొరికిన శవం దగ్గరి వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆయన వయసు 55.

డీజిల్ లారీలు రోడ్డెక్కింది 1920లలో, అంటే ఆయన చూడనేలేదు. మొక్కల నూనె అలాగే పోస్తే చిక్కదనం వల్ల ఇంజెక్టర్లలో మసి పేరుకుంటుంది. ఆల్కహాల్‌తో శుద్ధి చేసి గ్లిజరిన్ తీసేసే పద్ధతికి 1937లో బెల్జియంలో పేటెంట్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే పామాయిల్‌తో చేసిన ఇంధనం పోసి బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కు బస్సు నడిపారు. ఇప్పటి బయోడీజిల్ అదే. బీ20 అంటే అందులో 20 పాళ్లు ఇది, 80 పాళ్లు మామూలు డీజిల్. పాత లారీలో పోస్తే ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి లాక్కొస్తుంది. అందుకే మొదట్లో ఫిల్టర్ జామ్ అవుతుంది. డ్రైవర్లు ఒక కొత్త ఫిల్టర్ వెంట ఉంచుకునేది దానికే.