డాక్టర్ అన్నా కుగ్లర్

విద్య ఎంత గొప్పదైనా ఆపదలో ఉన్నవారి చెంతకు చేరినప్పుడే దానికి సార్థకత. ఆ సత్యాన్ని తన జీవితంతో చాటిన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడమే అరుదైన ఆ రోజుల్లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి, 1879లో పట్టభద్రురాలయ్యారు. 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు చేరుకున్నారు. అయితే మిషన్ ఆమెను పంపింది వైద్యం చేయడానికి కాదు, స్త్రీలకు చదువు చెప్పడానికి!

ఆనాడు ఘోషా పాటించే స్త్రీలు పురుష వైద్యుల ఎదుటికి వచ్చేవారు కారు. ప్రసవం కష్టమైతే మంత్రసానే దిక్కు. ఆమె నేర్పు చాలనప్పుడు తల్లీబిడ్డల ప్రాణాలు దైవాధీనం. ఇదంతా చూస్తూ, వైద్యం తెలిసి కూడా మిన్నకుండడం కుగ్లర్‌కు సాధ్యం కాలేదు. బోధన సాగిస్తూనే మొదటి సంవత్సరంలో నాలుగు వందల మందికి పైగా రోగులకు చికిత్స చేశారు. ఆ సేవను గుర్తించిన మిషన్ 1885లో ఆమెను వైద్యురాలిగా నియమించింది.

1886లో అద్దె ఇంట్లో చిన్న వైద్యశాల వెలిసింది. అది చాలదని గ్రహించిన కుగ్లర్ స్వదేశానికి వెళ్ళి విరాళాలు సేకరించారు. తిరిగివచ్చి స్థలం కొని, 1893లో సొంత భవనంలో వైద్యశాలను ప్రారంభించారు. మరికొన్నేళ్ళకు అది యాభై పడకల ఆసుపత్రిగా ఎదిగింది. చుట్టుపక్కల పల్లెల నుండి కుల మత భేదం లేకుండా స్త్రీలు, పిల్లలు అక్కడికి తరలివచ్చేవారు. స్థానిక యువతులు అక్కడే నర్సులుగా శిక్షణ పొందారు. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా, కవి, జమీందారు అయిన మంత్రిప్రెగడ భుజంగరావు ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు.

1905లో ప్రభుత్వం ఆమెను కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది. జీవితాంతం వైద్యసేవకే అంకితమైన ఆమె 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రిని ప్రజలు ఆమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రి అని పిలుచుకున్నారు.

ప్రాణాపాయ వేళ వైద్యుడు ఎంత సమర్థుడన్నదే కాదు, ఎంత దగ్గరలో ఉన్నాడన్నదీ ముఖ్యమే. పల్లెలకు అందుబాటులో వెలసిన ప్రతి చిన్న ఆసుపత్రీ కుగ్లర్ చూపిన బాటకు కొనసాగింపే.