విషం మీద కొట్లాడిన రైతుబిడ్డ

2018ల మందు కలిపిన షాపల ముచ్చట దేశమంత మోగింది. కేరళ చెక్‌పోస్టుల కాడ ఫార్మాలిన్ కలిసిన షాపలు పట్టుకున్నరు. ఆంధ్ర నుంచి పొయ్యే షాపలను అస్సాం కొన్నిదినాలు బంద్ పెట్టింది. ఫార్మాలిన్ అంటే శవాలు కుళ్లకుండ వాడే మందు. వందేండ్ల కిందనే గీ మందు మీద కొట్లాడిన మనిషి గురించి మన పోరగాళ్లకు తెల్వాలె అనిపించి రాస్తున్న.

ఆయన పేరు హార్వే వైలీ. 1844ల అమెరికాల, ఇండియానా రాష్ట్రంల రైతు ఇంట్ల పుట్టిండు. డాక్టరు చదువు చదివిండు గాని మనసు రసాయనశాస్త్రం దిక్కు గుంజింది. పర్డ్యూ యూనివర్సిటీల పాఠాలు చెప్పిండు. 1883ల సర్కారు వ్యవసాయ శాఖల పెద్ద కెమిస్టు అయిండు.

అప్పట్ల పాలు పగలకుండ ఫార్మాల్డిహైడ్, మాంసం కంపు కొట్టకుండ బోరాక్స్ కలిపేటోళ్లు. డబ్బా మీద ఏం రాయకపోయినా అడిగే దిక్కు లేకుండె. వైలీ రిపోర్టుల మీద రిపోర్టులు రాసిండు. చట్టం బిల్లులు మాత్రం ఏండ్లకేండ్లు మూలకు పడ్డయి.

1902ల ఆయన ఆఫీసు కింది అర్రల వంటిల్లు పెట్టిచ్చిండు. 12 మంది పడుచు పోరగాళ్లు ముందుకొచ్చిండ్రు. మూడు పూటల బువ్వ ఉత్తగనే, కాకపోతే అండ్ల మందు ఉంటది. ముందుగాల బోరాక్స్ వెన్నల దాచిండ్రు. పోరగాళ్లు పసిగట్టి వెన్న ముట్టుడు బంద్ చేసిండ్రు. ఆఖరికి గోలీలల్ల పెట్టి ఇచ్చిండ్రు. తలకాయ నొప్పులు, కడుపు నొప్పులు మొదలైనయి. తర్వాత ఫార్మాల్డిహైడ్ కూడా పరీక్షించిండ్రు. ఏమైనా అయితే కేసు పెట్టమని ముందే సంతకాలు తీసుకున్నరు. గది నాకు నచ్చదు, ఇయ్యాల ఏ దేశం ఒప్పుకోదు. కాని పేపర్లు రోజూ రాసుడుతోటి తిండిల ఏం కలుస్తుందో ఇంటింటికీ తెలిసింది.

చట్టం ఒక్క సైంటిస్టుతోని రాలే. ఊరూర ఆడోళ్ల సంఘాలు కదిలినయి. 1906 జూన్ 30న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిండు. కంపెనీలు ఊకుంటయా? వైలీ మాట మీద ఇంకో కమిటీని కూసోబెట్టిచ్చినయి. ఆయన విసిగి 1912ల కొలువు ఇడిసిపెట్టిండు. ఒక ఆడోళ్ల పత్రికల చేరి, అక్కడ ల్యాబ్ నడిపిచ్చుకుంట సరుకులు పరీక్ష చేసిండు. 1930ల సచ్చిపోయిండు, అది కూడా జూన్ 30నే.

మనకు ఆహార భద్రత చట్టం 2006ల వచ్చింది. షాపల ఫార్మాలిన్ కలుపుడు నేరం. కొచ్చిల ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థోళ్లు రంగు మారే కాగితం పట్టీ తయారు చేసిండ్రు, షాప మీద రుద్దితే నిమిషాలల్ల మందు బయటపడతది. అంతేగాదు, ఆ చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్న సరుకును ఫీజు కట్టి సర్కారు అనలిస్టు తోని ఎవలైనా పరీక్ష చేపిచ్చుకోవచ్చు. కల్తీ అని తేలితే ఫీజు వాపస్ ఇస్తరు.

తమ్మీ, చెల్లే, వైలీ కాలంల పోరగాళ్లు విషం తిని సాక్ష్యం తెచ్చిండ్రు. మనం తినాల్సిన పని లేదు. అంగడిల అనుమానమున్న షాపకు రసీదు అడిగి, పరీక్షకు పంపితే సాలు.