శ్రీకృష్ణదేవరాయల జాములు

పెద్దదోర్నాల చేరిన యాత్రికుఁడు అచ్చటినుండి నల్లమల యడవిదారిఁ బట్టి శ్రీశైలమున కెక్కును. కొండమీఁది రథవీథి కిరుప్రక్కల మండపములు గట్టించినవాఁడు విజయనగర చక్రవర్తి యగు శ్రీకృష్ణదేవరాయలు. కొండవీటి విజయానంతరము 1515 వ సంవత్సరమున ఆయన చేసిన శ్రీశైలయాత్రను అక్కడి శిలాశాసనము తెలుపుచున్నది. మనకు దక్షిణముగా నున్న కంభము చెఱువును ఆయన రాణులలో నొకతె యగు గజపతి పుత్రిక వరదరాజమ్మ త్రవ్వించెనని యీ సీమలో వాడుక. కావున రాయలు మనకుఁ బరాయివాఁడు కాఁడు. ఆయన కవిత్వమునుగూర్చియు, ఆస్థాన కవులనుగూర్చియు మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలోఁ జదువుచునే యున్నారు. మే మిచట వేఱొక సంగతి చెప్పఁదలఁచితిమి. అంతటి రాజ్యభారము మోయుచు, ఏటేట దండయాత్రలు నడుపుచు, ఆయన తన దేహమును సాధన చేయుట కెప్పుడు తీఱిక చేసికొనెను? ఆయనకు నిద్ర యెట్లు సమకూరెను?

రాయలు తుళువ నరసనాయకుని కుమారుఁడు, తల్లి నాగలాంబ. అన్న వీరనరసింహరాయల తరువాత 1509 లో సింహాసన మెక్కెను. వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, తన కుమారునికి రాజ్యము దక్కవలెనని, తమ్ముని కన్నులు పెఱికింపుమని మంత్రి తిమ్మరుసునకు ఆజ్ఞ యిచ్చెననియు, ఆ మంత్రి మేఁక కన్నులు చూపి రాయలను రక్షించెననియు నూనిజ్ అను పోర్చుగీసువాఁడు వ్రాసినాఁడు. ఈ కథను చదువరులు జ్ఞాపక ముంచుకొందురు గాక. 1513 లో ఉదయగిరి ముట్టడి ప్రారంభమయ్యెను. ఆ దుర్గమునకుఁ బోవు త్రోవ యిఱుకు; సైనికులు నడుచుటకై పెద్దబండలను పగులఁగొట్టి దారులు చేయవలసి వచ్చెను. మఱుసటియేఁడు ఉదయగిరియు, 1515 జూన్‌లోఁ గొండవీడును వశమయ్యెను. తరువాత సైన్యము కళింగముమీఁదికిఁ గదలి 1516 లో సింహాచలము చేరెను. ఇట్లు మూఁడునాలుగేండ్లు రాయల జీవితము గుడారములలోనే గడచినది.

డొమింగో పేయస్ అను మఱియొక పోర్చుగీసువాఁడు 1520 ప్రాంతమున విజయనగరము వచ్చి రాయలను కన్నులార చూచెను. రాజు మధ్యమమైన పొడవు గలవాఁడు, మంచి ఛాయ గలవాఁడు, సన్ననివాఁడు కాక కొంచెము పుష్టియైనవాఁడు, ముఖమున మశూచికపు మచ్చలు గలవాఁడు అని అతఁడు వర్ణించినాఁడు. మిక్కిలి సంతోషస్వభావుఁడే కాని, ఉన్నట్లుండి కోపము వచ్చునఁట. చిత్రకారులు వ్రాయు నున్నని ముఖముకంటె ఈ మశూచికపు మచ్చల ముఖమే మాకుఁ బ్రియమైనది.

పేయస్ తెలిపిన దినచర్య యిది. ఇంకను చీఁకటి యుండఁగానే రాయలు లేచి ముప్పాతిక పైంటు, అనఁగా నేఁటి కొలతలో సుమారు 400 మిల్లీలీటర్ల, నువ్వులనూనె త్రాగును. (మన బాలురు దీనిని పరీక్షింపఁబోకుందురు గాక!) ఆ నూనెనే యొడలెల్లఁ బట్టించుకొని, చిన్న గోచి బిగించి, మట్టితోఁ జేసిన పెద్దబరువులను చేతులతో నెత్తును. పిమ్మట కత్తి పట్టి, ఒంటి నూనె యంతయు చెమటతోఁ గాఱిపోవువఱకు సాము చేయును. అటుపిమ్మట తన మల్లులలో నొకనితోఁ గుస్తీ పట్టును. అంతటితో నైన దనుకొనరాదు. గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు మైదానమున నీకొసనుండి యాకొసకు దౌడు తీయించును. సూర్యుఁడు పొడచూపకమున్నే యిదంతయు ముగియవలెను. తరువాత స్నానము, దేవపూజ. ఆపైని స్తంభముల మండపమునఁ గూర్చుండి, తిమ్మరుసును, పట్టణముల నేలు అధికారులను రావించి రాజకార్యములు చూచును. పనులు తీఱినపిదప, వాకిట వేచియున్న సామంతులకు లోనికి సెలవగును. వారు నమస్కరించి దూరముగా గోడవెంట వరుసగా నిలిచి, తమలో తాము మాటాడక, తాంబూలమైనను నమలక, నేల చూచుచుందురు.

ఈ దినచర్యలో మే మొక యేర్పాటును గమనించితిమి. కసరత్తు రాజకార్యమునకు ముందే కాని తరువాత కాదు. కొలువు మొదలైనపిమ్మట రాజు కాలము రాజుది కాదు. ఒకనాఁడు దూత వచ్చును, ఒకనాఁడు తగవు వచ్చును. ఎవరును తలుపు తట్టని వేళ చివరి జామొక్కటే. దానిని రాయలు తనకై దాఁచుకొనెను.

అయితే వేకువ జామును పట్టుకొనువాఁడు తొలిజామును విడువవలెను. మన పెద్దలు రాత్రిని నాలుగు జాములుగా విభజించిరి. జామన్న మూఁడు గంటలు, ఏడున్నర గడియలు. రోమకుల సేనలును రాత్రికి నాలుగు కావళ్లే పెట్టినవి. సువార్తలు చదువువారికి నాలుగవ జాము తెలిసిన మాటయే. నాలుగవ జామున సాము చేయువానికి మూఁడు జాములే నిద్రకు మిగులును. అందులో నొకటి విందులకో వినోదములకో యిచ్చినచో మిగులునది ఆఱు గంటలు. నేఁటి వైద్యులు పదుమూఁడు మొదలు పదునెనిమిదేండ్ల బాలురకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని చెప్పుచున్నారు. కావున రాయలవలె లేవఁగోరు బాలుఁడు ముందుగా దీప మార్పుట నేర్చుకొనవలెను. తల్లిదండ్రులు లేపుటయందుఁ జూపు పట్టుదలను పరుండఁబెట్టుటయందుఁ జూపరు. ఇది మాకుఁ జింత కలిగించుచున్నది.

రాయలకును ఈ లెక్క తప్పు దినములు గలవు. మహానవమి తొమ్మిదినాళ్లు ఆయన పగలెల్ల నుపవసించి అర్ధరాత్రమున భుజించెడివాఁడు. ఆ దినములలో నాట్యములు, మల్లయుద్ధములు, రాత్రి దివిటీలు, బాణసంచా. మల్లులు కోరలుగల కడియములు చేఁబట్టి పండ్లు రాలునట్లు, ముఖములు చెడునట్లు కొట్టుకొనెడివారు. ఇట్టివారు వేయిమంది రాజు జీతము తినుచుండిరనియు, వారికి వేఱుపని లేదనియు నూనిజ్ వ్రాఁత. పని యంతయు కుస్తీయే యైనవానికి విశ్రాంతి సులభము; కాపలా కాచుచు కసరత్తును చేయవలసిన బంటు సంగతి వేఱు.

ఆ బంటును చూడవలెనన్న 1520 వ సంవత్సరపు రాయచూరు దండయాత్రకుఁ బోవలెను. సైన్యము లెక్క నూనిజ్ లక్షలలోఁ జెప్పును. అది మేము పూర్తిగా నమ్మము. కాని శిబిరపుటేర్పాటు నమ్మఁదగియున్నది. దారిపొడుగున తిత్తులతో నీళ్లిచ్చువారే పండ్రెండువేలమంది యఁట. దండు విడిసినచోట రాజుగారి గుడారముచుట్టు ముండ్లకంచె, దానికి నొకటే ద్వారము, ద్వారమునఁ గావలి. కంచెలోపల ఆయనకు స్నానము చేయించు బ్రాహ్మణుఁడును, అంతరంగ పరిచారకులును. కంచెవెలుపల పారావారు, వీరు తమతమ నాయకులతో నియమిత స్థలములందు రాత్రియెల్ల మేలుకొందురు. వారికావల తక్కిన దండంతయు తమతమ సేనాధిపతుల క్రింద విడిసియుండును. అందఱికిని వెలుపల వేగులవారు ప్రత్యేకముగా విడిసి, రాత్రియెల్ల శిబిరము తిరుగుచు శత్రువుల చారులను పట్టుటకు వెదకుచుందురు.

అనఁగా లోపలివానికి నిద్ర వచ్చుటకై వెలుపల రెండు వరుసలు నిద్ర మానుకొనినవి. ఓడలవారు ఈ కష్టమును బాగుగా నెఱిఁగి దాని కొక యుపాయము కనిపెట్టిరి. నాలుగేసి గంటల కావళ్లలో సాయంకాలపుదానిని రెండు తుంటలుగా విఱిచిరి. అందువలన ప్రతిదినము వంతు మాఱి, అర్ధరాత్రపు కావలి ఒక్కనికే పడదు. రాత్రి కావలి కాచినవానిని తెల్లవాఱఁగానే గరిడికిఁ బిలుచుట బలము పెంచుట కాదు, బలము తినుటయే. కండ పెరుగునది బరువెత్తునప్పుడు కాదు. ఎత్తి, తిని, పరుండినపిమ్మట.

రాయచూరు యుద్ధము 1520 మే నెల 19 వ తేది శనివారము జరిగెను. ఆదిల్షాహి ఫిరంగు లొక్కుమ్మడిగాఁ బ్రేలఁగానే విజయనగరపు ముందువరుస విఱిగి వెనుకకుఁ బాఱెను. అప్పుడు రాయలు గుఱ్ఱమెక్కి, బ్రతికి తిరిగివచ్చుట తలఁపక రెండవ సేనను నడిపి ముందునకు దుమికెను. ఉంగరము దీసి పరిచారకునకిచ్చి, తాను పడినచో రాణులకుఁ జూపుమని చెప్పెనఁట. శత్రువులు కృష్ణానదివఱకుఁ బరుగెత్తి నీటఁబడి చచ్చుచుండఁగా ఆయన జాలిగొని తఱుముట మాన్పించెను. వేకువజాముల చెమట ఆనాఁడు అక్కఱకు వచ్చినది.

రాయల చరిత్రలో నాలుగవ జాము మఱియొకచోటను గలదు. కళింగ దండయాత్రలో ఆయన విజయవాడనుండి కృష్ణాతీరపు శ్రీకాకుళమునకుఁ బోయి, ఏకాదశి యుపవాసముండి, ఆ రాత్రి అచ్చటనే పరుండెను. నాలుగవ జామున ఆంధ్రవిష్ణువు కలలోఁ గనఁబడి తెలుఁగునఁ గావ్యము చెప్పుమని యాజ్ఞాపించెనని ఆముక్తమాల్యద పీఠికయందు ఆయనయే చెప్పుకొనినాఁడు. చూడుఁడు: ఏ జామున ఆయన ప్రతిదినము కత్తి త్రిప్పెడివాఁడో ఆ జామున నాఁడు నిద్రించుచుండెను. నాఁడును గరిడికే లేచియుండినచో ఆముక్తమాల్యద యేమయ్యెడిదో!

దేహమును అణఁచినంతగా రాయలు కోపము నణఁపలేకపోయెను. 1524 ప్రాంతమున ఆఱేండ్ల కుమారుఁడైన తిరుమలరాయనికిఁ బట్టము గట్టి తాను మంత్రియై నిలిచెను. నెలలు గడవకమున్నే బాలుఁడు మరణించెను. తిమ్మరుసు కుమారుఁడు విషము పెట్టించెనని విని, రాయలు ఆ వృద్ధమంత్రిని కుటుంబముతోఁ జెఱ వేయించెననియు, పిదప కన్నులు తీయించెననియు నూనిజ్ వ్రాసినాఁడు. 1529 లో రోగముచే రాయలు మరణించెను. తమ్ముఁడు అచ్యుతరాయలు రాజయ్యెను.

1565 తరువాత ఆ నగరము పాడువడెను. హంపిలో రాయల నగరి పునాదులు మాత్రము మిగిలినవి. మహానవమి దిబ్బ నిలిచియున్నది. దాని రాతిపలకలమీఁద ఏనుఁగులు, గుఱ్ఱములు, వేఁటకాండ్రు, నర్తకులు వరుసలు వరుసలుగా నేఁటికిని గన్పట్టుదురు.