కోడి రామమూర్తినాయుడు

ఆంధ్రదేశమున బలశాలురను గూర్చి ప్రస్తావన వచ్చినపుడు పెద్దలు మొదట తలచు పేరు కోడి రామమూర్తినాయుడు. ప్రజలు ఆయనను కలియుగభీముడని కొనియాడిరి. ఆ కీర్తి ఒక్కనాటిలో లభించినది కాదు.

రామమూర్తి 1880వ దశకపు తొలి సంవత్సరములలో ఉత్తరాంధ్రమందలి వీరఘట్టములో జన్మించెను. తండ్రి వెంకన్ననాయుడు. విజయనగరములో పోలీసు ఉద్యోగము చేయుచుండిన పినతండ్రి నారాయణస్వామినాయుడు ఇంట ఆ బాలుడు పెరిగెను. అచ్చటి వ్యాయామశాలలో చేరి దేహమును దృఢపరచుకొని, కుస్తీ నేర్చెను.

కుస్తీ ఒంటరిగా నేర్వదగిన విద్య కాదు. దండీలు, బస్కీలు తీయుటకు తోడు అక్కరలేదు. పట్టు నేర్చుటకు మాత్రము తోడు కావలయును. గోదాలోని మెత్తని మట్టిలో ఇరువురు తలకు తల చేర్చి నిలుతురు. ఒకరి మెడపై ఒకరు చేయి వేసి, మణికట్టు పట్టి, ఎదుటివాని బరువు ఏ కాలిపై నున్నదో స్పర్శచేతనే గ్రహింతురు. ఒకడు పట్టు పట్టును. రెండవవాడు దానిని విడిపించుకొని తాను పట్టును. ఇట్లు పలుమారులు సాధన చేసిననే గాని ఒక్క పట్టయినను వంటబట్టదు.

పూర్వపు మల్లయుద్ధములో పట్లతోపాటు పిడికిటి పోట్లును ఉండెడివి. భారతములో భీమజరాసంధులు పోరినది అట్లే. కుస్తీలో ఆ పోట్లు నిషిద్ధములు. గోదాలో తోడివాడు శత్రువు కాడు. వాని చేయి విరిగినచో మరునాడు సాధనకు తోడే యుండదు. కావున బలమును చూపుట యెంత ముఖ్యమో, బలమును ఆపుకొనుటయు అంత ముఖ్యము.

రామమూర్తి మద్రాసు చేరువనున్న సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి వ్యాయామోపాధ్యాయుడయ్యెను. పిదప పొట్టి పంతులు అను మిత్రుని తోడ్పాటుతో సర్కస్ సంస్థను నెలకొల్పెను. ఊపిరి బిగబట్టి, దేహమునకు చుట్టిన ఇనుపగొలుసును తెంచుట, సాగబోవు మోటారుకారును కదలనీయక నిలుపుట, రొమ్ముపై ఏనుగును ఎక్కించుకొనుట ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధములు. దేశము పరాధీనమై యున్న ఆ దినములలో ఈ దృశ్యములు చూచిన యువకులకు తమ దేహముపైనను, తమ జాతిపైనను విశ్వాసము కలిగెను. ఆయన లండను నగరమునకు వెళ్లి ఐదవ జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శన మిచ్చి, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదమును పొందెను.

ఆయన శాకాహారి, ప్రాణాయామమును అభ్యసించినవాడు. ఆర్జించిన ధనములో చాలభాగము దానధర్మములకు వెచ్చించెను. కాని దైవము ఆయనకు కఠినపరీక్ష పెట్టెను. కాలికి వ్యాధి సోకి, ఆ కాలిని తొలగింపవలసి వచ్చెను. ఏనుగు బరువును ఓర్చిన మనుజుడు తన కాలిపై తాను నిలువలేని స్థితికి వచ్చెను. కడపటి దినములను ఒడిశాలోని బలంగీరులో గడపి, 1942 జనవరి 16వ తేదీన కన్నుమూసెను.

విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. కండబలము వ్యాధికి లోబడును, వయస్సుతో తరుగును. దానిని సంపాదించుటకు పడిన శ్రమయు, దానితోడ అలవడిన నిగ్రహమును మాత్రము మనుష్యుని విడువవు. రామమూర్తినాయుని చరిత్ర మనకు తెలుపు నీతి యిదియే.